మూడు భాషల క్లాసులో ఫోను రికార్డింగు

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, గుణుపురం కాలేజీల్లో చదివే తెలుగు విద్యార్థులకు పాఠాన్ని ఫోనులో రికార్డు చేసుకోవడం ఇప్పుడు చిటికెలో పని. లెక్చరర్ నోరు తెరవగానే ఎర్ర బొత్తాం నొక్కడం, గంట కొట్టగానే ఆపడం. దీన్ని ఒప్పుకోవాలా వద్దా అని అధ్యాపకులు, ఇది చదువా బద్ధకమా అని తల్లిదండ్రులు వాదించుకుంటారు. ఆ వాదన హైదరాబాదులోనైనా భువనేశ్వర్‌లోనైనా ఒకేలా సాగుతుంది. సరిహద్దు జిల్లాల్లో మాత్రం దానికి మరో ముడి ఉంది. ఇక్కడి తెలుగు విద్యార్థి పాఠం వినే భాష ఒకటి, పరీక్ష రాసే భాష మరొకటి, ఆలోచించే భాష ఇంకొకటి. రికార్డింగు వల్ల లాభమెంత, నష్టమెంత అన్న లెక్క ఇక్కడ మారిపోయేది అందుకే.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి గంజాంలో పెద్ద భాగం, కోరాపుట్ ప్రాంతం అందులో కలిశాయి. తెలుగు కుటుంబాలు ఉన్నచోటే ఉన్నాయి, పిల్లల బడి మాత్రం క్రమంగా ఒడియాలోకి మారింది. మహారాష్ట్ర వైపూ ఇంచుమించు ఇదే పరిస్థితి. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న ధర్మాబాద్, దెగ్లూర్ ఇప్పుడు నాందేడ్ జిల్లాలో ఉన్నాయి. గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ నుంచి చూస్తే ప్రాణహిత, గోదావరి కలిసే చోట అవతలి ఒడ్డున కాళేశ్వరం ఉంటుంది. ఒడ్డుకు ఇటువైపు పిల్లవాడు పుస్తకంలో మరాఠీ చదివి, ఇంటికొచ్చి తెలుగులో అన్నం అడుగుతాడు.

ఇలాంటి విద్యార్థి పదో తరగతి దాకా ఒడియాలోనో మరాఠీలోనో చదువుతాడు. సైన్సు తీసుకుంటే ఆ పైన పుస్తకాలు ఇంగ్లీషులోకి మారతాయి. లెక్చరర్ వివరణ ఇంగ్లీషు వాక్యంతో మొదలై ఒడియాలో ముగుస్తుంది. ఒడియా ఇంటిభాషగా ఉన్న పక్క విద్యార్థికి ఆ వివరణ ఊపిరి పీల్చుకునే విరామం. తెలుగు విద్యార్థికి ఆ విరామం కూడా సగం పనే. పదేళ్ళు బడిలో విన్న భాష కాబట్టి అర్థమవుతుంది, కానీ సామెతతోనో వేళాకోళంతోనో లెక్చరర్ చేసిన పోలిక ఒక్కోసారి చెవి దాటిపోతుంది. దాని గురించి ఆలోచిస్తుండగా తరువాతి రెండు వాక్యాలూ పోతాయి. తెలివి తక్కువై కాదు, భాష మారే మలుపు దగ్గర పాఠం జారిపోవడం వల్ల.

రాత దగ్గర ఇంకో ఇబ్బంది. ఎవరైనా మాట్లాడే వేగం రాసే వేగానికి కొన్ని రెట్లు ఉంటుంది. మూడు లిపుల మధ్య తిరిగే చెయ్యి ఇంకా నెమ్మదిస్తుంది. వాక్యం ఇంగ్లీషులో రాయాలా, ఒడియాలో విన్నది ఒడియాలోనే దించాలా, పక్కన తెలుగులో ఒక మాట పెట్టుకోవాలా అని తేల్చుకోవడానికీ క్షణాలు కావాలి. పైగా సరిహద్దు జిల్లాల్లో తెలుగు ధారాళంగా మాట్లాడుతూ తెలుగు అక్షరాలు చదవలేని పిల్లలు తక్కువేమీ కాదు. అమ్మానాన్నలు తెలుగులో ఉత్తరాలు రాసుకున్న ఇళ్ళలోనే పిల్లలకు ఆ లిపి రాదు. అలాంటివారికి తెలుగు అంటే శబ్దమే. తెలుగు పాఠ్యపుస్తకం చేతికిచ్చినా ఉపయోగం లేదు, తెలుగు గొంతు మాత్రం వెంటనే అందుతుంది. ఈ సంగతి ముందు ముందు పనికొస్తుంది.

అయితే యూట్యూబులో తెలుగు పాఠాలు కావలసినన్ని ఉండగా ఒడియా లెక్చరర్ గొంతు దాచుకోవడం దేనికని అడగవచ్చు. ఐఐటీల ఎన్‌పీటెల్ 2003 నుంచి పాఠాలు తయారు చేస్తోంది, కొన్ని కోర్సుల పాఠాల రాతప్రతులు తెలుగులోనూ దొరుకుతున్నాయి. 2017లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక ‘స్వయం’ మీద కోర్సులు చూడటానికి రుసుము లేదు. ఇవన్నీ మంచివే. కానీ పరీక్ష పెట్టేది బరంపురం లాంటి ఒడిశా విశ్వవిద్యాలయమో, ఆ రాష్ట్ర ఉన్నత మాధ్యమిక విద్యామండలో. ఏ అధ్యాయం ఎంత లోతుకు వెళ్ళాలి, ప్రాక్టికల్ రికార్డులో బొమ్మ ఎలా వేయాలి, ఏ నిర్వచనం ఏ మాటల్లో రాస్తే పేపరు దిద్దేవారు ఒప్పుకుంటారు అన్నది చెప్పేది ఎదుట నిలబడ్డ లెక్చరరే. ఆంధ్ర ఇంటర్మీడియట్ కోసం చేసిన వీడియోలో భావన దొరుకుతుంది, ఈ పరీక్ష నాడి దొరకదు. గుణుపురం దాటి లోపలి ఊళ్ళకు వెళ్తే వీడియో ఆడేంత సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు, ఫోనులో దాచిన ధ్వనికి సిగ్నల్‌తో పనిలేదు. కాబట్టి క్లాసు రికార్డింగుకు అవసరం నిజంగానే ఉంది. మిగతా ప్రాంతాల విద్యార్థులకంటే సరిహద్దు విద్యార్థికి ఎక్కువగా ఉంది.

అవసరం ఉన్నంత మాత్రాన వాడకం సరిగా ఉందని అనుకోనక్కర్లేదు. లెక్క వేసి చూస్తే చాలు. రోజుకు 45 నిమిషాల క్లాసులు 5, వారానికి 6 రోజులు అనుకుంటే వారానికి 22 గంటల 30 నిమిషాల ధ్వని. 15 వారాల సెమిస్టరుకు 337 గంటలు దాటుతుంది. నిద్రాహారాలు మాని విన్నా 14 రోజులు పడుతుంది. ఇన్ని గంటలు ఎవరూ వినరు, వినలేరు. అయినా ఫోనులో ఫైళ్ళు పెరుగుతున్నకొద్దీ పాఠం భద్రంగా ఉందన్న ధీమా పెరుగుతుంది. ఆ ధీమాతో క్లాసులో చెవులు సడలుతాయి. జాడీ నిండా ఆవకాయ ఉన్నంత మాత్రాన కడుపు నిండదు.

మొత్తం విన్నవారికైనా ఎంత మిగులుతుంది? 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే చేసిన ప్రయోగం ఈ విషయంలో చాలా చెబుతుంది. విద్యార్థులకు చిన్న పాఠ్యభాగాలు ఇచ్చి చదివించారు. తరువాత ఒక భాగాన్ని మళ్ళీ చదవమన్నారు, ఇంకో భాగంలో మాత్రం మళ్ళీ చూడకుండా గుర్తున్నది రాయమన్నారు. 5 నిమిషాల తరువాత పరీక్ష పెడితే మళ్ళీ చదివిన భాగంలో 81 శాతం, గుర్తు తెచ్చుకుని రాసిన భాగంలో 75 శాతం చెప్పగలిగారు. వారం గడిచాక లెక్క తిరగబడింది. మళ్ళీ చదివినదానిలో 42 శాతమే మిగిలింది, గుర్తు తెచ్చుకుని రాసినదానిలో 56 శాతం మిగిలింది. రికార్డింగును మొదటి నుంచి చివరిదాకా వినడం మళ్ళీ చదవడానికి దగ్గరి చుట్టం. వింటున్నంతసేపూ అన్నీ తెలిసినట్టే ఉంటుంది. పాత పాట చెవిన పడితే చరణాలన్నీ వచ్చినట్టు అనిపించి, పాడబోతే రెండో పంక్తి దగ్గర ఆగిపోవడం అందరికీ తెలిసిందే.

ఇదంతా చూసి రికార్డింగు మానేయమనే అధ్యాపకులు ఉన్నారు. చేత్తో రాస్తేనే చదువు అని వారి మాట. 2014లో పామ్ ముల్లర్, డేనియల్ ఓపెన్‌హైమర్ ప్రచురించిన పరిశోధనలో ల్యాప్‌టాప్ మీద ఉపన్యాసాన్ని మాటకు మాట కొట్టుకున్నవారికంటే చేత్తో రాసుకున్నవారు భావనల ప్రశ్నలకు మెరుగ్గా జవాబిచ్చారని తేలింది. తరువాత ఇతరులు అదే ప్రయోగం మళ్ళీ చేసినప్పుడు తేడా అంత బలంగా కనపడలేదు కాబట్టి దాన్ని వేదవాక్కుగా పట్టుకోనక్కర్లేదు. చెయ్యి నెమ్మదిగా సాగడం వల్ల ఏది ముఖ్యమో ఏరుకోవాల్సి వస్తుందన్న వాదనలో మాత్రం పస ఉంది. అయితే ఏరుకోవాలంటే ముందు అర్థం కావాలి. రెండో భాషలోనో మూడో భాషలోనో వింటున్నవాడికి ఆ మొదటి మెట్టు దగ్గరే కొన్ని చోట్ల కాలు జారుతుంది. జారిన చోటికి మళ్ళీ వెళ్ళడానికి దారి లేకుండా రాసుకో, రాసుకో అంటే ఖాళీలతో నిండిన నోట్సు మిగులుతుంది.

దారి ఏమిటంటే నోట్సు, రికార్డింగు రెండూ ఉండాలి, రెండింటికీ ముడి ఉండాలి. ఆ ముడి గడియారమే. రికార్డింగు మొదలుపెట్టిన సమయం పేజీ పైన రాసుకోవాలి, ఉదాహరణకు 10:05. మామూలుగా నోట్సు రాసుకుంటూ, అర్థం కాని చోట ఆగిపోకుండా మార్జిన్‌లో ప్రశ్నార్థకం వేసి అప్పటి సమయం వేయాలి. 10:22 అని ఉంటే రికార్డింగులో 17వ నిమిషం. సాయంత్రం వినవలసింది ఆ చోట్లు మాత్రమే, ఒక్కొక్కటి ముందు వెనుక కలిపి రెండేసి నిమిషాలు. ఒక క్లాసులో నాలుగైదు గుర్తులుంటే పది నిమిషాల పని. పదిహేను గుర్తులు పడ్డాయంటే రికార్డింగుతో తీరే కష్టం కాదది. ముందు పాఠమే రాలేదని అర్థం, లెక్చరర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. ఈ పని ఆ రోజో మర్నాడో జరగాలి. వారం దాటితే ఆ ప్రశ్నార్థకం ఎందుకు వేశామో గుర్తుండదు.

అన్ని సబ్జెక్టులకూ ఇది ఒకేలా పనికిరాదు. లెక్కల క్లాసు రికార్డింగు దాదాపు వృథా. ‘దీన్ని ఇటు తీసుకొచ్చి, ఇక్కడ కొట్టేస్తే’ అన్న మాటలు బోర్డు లేకుండా వింటే గుడ్డివాడికి దారి చెప్పినట్టే. దానికి బోర్డు ఫోటో నయం. కర్బన రసాయనశాస్త్రానిదీ అదే తంతు. చరిత్ర, రాజనీతి, న్యాయశాస్త్రం, జీవశాస్త్రంలో వివరణ భాగాలు, సాహిత్యం మాత్రం ధ్వనిలో బాగా నిలుస్తాయి.

పరికరం సంగతి రెండు మాటలు. వీడియో అక్కర్లేదు. ధ్వనిని సెకనుకు 64 కిలోబిట్ల నాణ్యతతో దాస్తే గంటకు సుమారు 29 మెగాబైట్లు, మాట వినడానికి అది ధారాళంగా సరిపోతుంది. అదే కుదించకుండా వేవ్ ఫైలుగా దాస్తే ఒకే చానల్‌కు గంటకు 300 మెగాబైట్లు దాటుతుంది. కాల్ వస్తే చాలా ఫోన్లలో రికార్డింగు ఆగిపోతుంది కాబట్టి ఫ్లైట్ మోడ్ పెట్టుకోవాలి. ఫోనును జేబులో పెడితే చొక్కా రాపిడే వినిపిస్తుంది, బల్ల మీద నేరుగా పెడితే ప్రతి తట్టూ పిడుగులా పడుతుంది. మడిచిన చేతిరుమాలు మీద పెట్టి, మైకు ఉన్న అంచు లెక్చరర్ వైపు తిప్పి, ఫ్యాను కింద కాకుండా ముందు వరుసలో కూర్చుంటే చాలు. వానాకాలంలో రేకుల కప్పు గదుల్లో మాత్రం ఏ ఉపాయమూ పనిచేయదు.

ఇప్పుడు అసలు చిక్కు. రికార్డింగులో లెక్చరర్ గొంతు ఒక్కటే ఉండదు, క్లాసు గొంతూ ఉంటుంది. ఒడియా తడబడుతూ మాట్లాడే తెలుగు విద్యార్థి, ఇంటి దగ్గర సవర మాట్లాడే విద్యార్థి, ఇంగ్లీషులో ప్రశ్న అడగబోయి మధ్యలో ఆగిపోయే అమ్మాయి, వీళ్ళ మాటలు కూడా అందులో పడతాయి. ఆ ముక్క రాత్రికి క్లాసు వాట్సాప్ గుంపులోకి వెళ్తుందన్న భయం ఉంటే మర్నాటి నుంచి ఎవరూ నోరు తెరవరు. రికార్డింగు ఎవరికి ఎక్కువ ఉపయోగమో వాళ్ళ నోరే ముందు మూతపడుతుంది. దీన్ని మామూలు గోప్యత సమస్యగా చూసి వదిలేయకూడదు. భాష బలహీనంగా ఉన్నవాడికి క్లాసులో అడిగే ఒక్క సందేహం పది రికార్డింగుల పెట్టు. అందుకే సందేహాల సమయం రాగానే ఫోన్లు ఆపమని లెక్చరర్ చెప్పడం, ఆపారో లేదో చూడటం తప్పనిసరి. అనుమతి ఇవ్వడానికి ఇష్టపడని అధ్యాపకులు కూడా ఈ ఒక్క షరతుతో మెత్తబడవచ్చు, ఎందుకంటే వాళ్ళ భయమూ ఇలాంటిదే. ముప్పై సెకన్ల ముక్క కోసి, ముందు వెనుకలు లేకుండా ఊరంతా తిప్పితే, పాఠంలో చెప్పిన ఉదాహరణ కూడా వివాదమవుతుంది. ఆ భయం పట్టుకున్నాక లెక్చరర్ పుస్తకంలోని వాక్యాలే చదివి వెళ్ళిపోతారు. అప్పుడు రికార్డు చేసుకోవడానికి మిగిలేదేమీ ఉండదు.

చట్టం ఏమంటుందో చాలామంది అధ్యాపకులకూ తెలియదు. 1957 కాపీరైట్ చట్టం నిర్వచనంలో ‘ప్రదర్శకుడు’ అంటే నటుడు, గాయకుడు మాత్రమే కాదు, ఉపన్యాసం ఇచ్చే వ్యక్తి కూడా. 1994 సవరణ ద్వారా వచ్చిన ప్రదర్శకుల హక్కులు ఆ లెక్కన అధ్యాపకుడికీ ఉంటాయి. అదే చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం, సొంత వాడకం కోసం చేసుకున్న ధ్వనిముద్రణ ఆ హక్కులకు భంగం కాదు. వ్యక్తిగత అధ్యయనం కోసం చేసే న్యాయమైన వాడకానికి 52వ సెక్షన్ కూడా చోటిస్తుంది. అంటే ఫోనులో దాచుకుని సాయంత్రం వినే విద్యార్థి దొంగేమీ కాదు. గుంపులో పంచినా, చానల్‌లో పెట్టినా, డబ్బుకు అమ్మినా ఆ రక్షణ నిలవదు. 2012 సవరణతో వచ్చిన 38బి సెక్షన్ ప్రకారం, ప్రదర్శనను వక్రీకరించి తన ప్రతిష్ఠకు హాని చేస్తే ప్రదర్శకుడు అడ్డుకోవచ్చు. కోసి తిప్పే ముక్కలకు ఇది సూటిగా తగులుతుంది. ఇది చట్టం మాట. కాలేజీ తన ఆవరణలో ఫోనే వద్దని నియమం పెట్టుకుంటే దాన్ని పాటించాల్సిందే, కోచింగ్ సెంటర్లు చేరేటప్పుడు సంతకం పెట్టించుకునే షరతులూ అంతే. ఏ నియమం ఉన్నా లేకపోయినా ముందుగా అడగడం మర్యాద. ‘సార్, మీ ఒడియా వివరణ నాకు కొన్ని చోట్ల అందడం లేదు, ఇంటికెళ్ళి మళ్ళీ వింటాను, ఎవరికీ పంపను’ అని నిజం చెబితే కాదనే అధ్యాపకులు అరుదు.

రెండు సందర్భాల్లో ఈ బేరసారాలకు తావే లేదు. బరంపురం వైద్య కళాశాల లాంటి చోట్ల వార్డులో రోగి మంచం పక్కన జరిగే పాఠాన్ని రికార్డు చేయకూడదు. అక్కడ రోగి చెప్పుకున్న బాధ విద్యార్థి ఆస్తి కాదు, లెక్చరర్ అనుమతి దానికి చాలదు. రెండోది దీనికి ఎదురు. చూపు లేని విద్యార్థికి, చదవడంలో రాయడంలో ప్రత్యేక అభ్యసన వైకల్యం ఉన్నవారికి రికార్డింగు దయాభిక్ష కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న విద్యాసంస్థలు ఒక్కొక్కరి అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేయాలి. ధ్వని నోట్సు వాటిలో అతి చవకైనది.

మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేర్ల మీద ఇప్పుడు ఆశలు ఎక్కువ. అవి ఒకే భాష నిలకడగా సాగినప్పుడు బాగానే రాస్తాయి. ఇంగ్లీషు క్రియకు ఒడియా తోక తగిలించి, నడుమ ఒక సంస్కృత పదం వేసే మన లెక్చరర్ దగ్గర తికమకపడతాయి. సూత్రాలు, శాస్త్రీయ నామాలు, సంవత్సరాలు, అంటే ఏవి తప్పు పడకూడదో అవే తప్పు పడతాయి. తెలియనివాడికి ఆ తప్పు కనపడదు కూడా. పైగా ఫైలును ఏదో కంపెనీ సర్వరుకు ఎక్కించడం ‘ఎవరికీ పంపను’ అన్న మాటకు నీళ్ళొదలడమే.

ఇంతవరకు మాట్లాడింది లెక్చరర్ గొంతు గురించి. సరిహద్దు విద్యార్థికి అంతకంటే ఎక్కువ పనికొచ్చే రికార్డింగు ఇంకొకటి ఉంది, అది తన గొంతే. సాయంత్రం గుర్తులు పెట్టిన చోట్లు విన్నాక పుస్తకం మూసి, ఫోను ముందు కూర్చుని, ఆ రోజు పాఠాన్ని ఇంట్లో చెల్లెలికి చెప్పినట్టు తెలుగులో ఐదారు నిమిషాలు చెప్పడం. పారిభాషిక పదాలను పరీక్షలో రాసే భాషలోనే ఉంచాలి, వాక్యం మాత్రం తనది. ‘ఆస్మోసిస్ అంటే పలచగా ఉన్న ద్రావణం వైపు నుంచి చిక్కగా ఉన్న వైపుకు నీళ్ళు పొర దాటి పోవడం’ అని అనగలిగాడా, సరే. ‘ఎందుకు పోతాయి’ అన్న చోట గొంతు ఆగిపోయిందా, లెక్చరర్ రికార్డింగులో వెతకవలసిన నిమిషం అదే. రోడిగర్, కార్పికే ప్రయోగంలో వారం తరువాత గట్టెక్కించినది ఈ పనే, గుర్తు తెచ్చుకుని చెప్పడం. తెలుగు అక్షరాలు రాని విద్యార్థికి కూడా ఇందులో అడ్డంకి లేదు, మాట వస్తే చాలు. ఒక ప్రమాదం ఉంది. తెలుగులో చెప్పగలిగింది ఇంగ్లీషులో రాయగలమన్న భ్రమ కలుగుతుంది. అందుకే చెప్పడం అవగానే అదే విషయాన్ని పరీక్ష భాషలో ఐదు వాక్యాలు రాసి చూసుకోవాలి. వారాంతానికి లెక్చరర్ ఫైళ్ళు చెరిపేసినా నష్టం లేదు. తన గొంతు ఫైళ్ళు పరీక్షల దాకా ఉంచుకోవచ్చు, అన్నీ కలిపినా సెమిస్టరుకు కొన్ని గంటలే. పాతపట్నం నుంచి పర్లాకిమిడికి రోజూ వచ్చిపోయేవాడు బస్సులోనే వినేయగలడు.

జ్వరం వచ్చి వారం ఇంట్లో ఉన్న స్నేహితుడు పాఠం పంపమని అడిగినప్పుడు కూడా పంపవలసింది ఈ రికార్డింగే. కాపీరైటు చెప్పిన తీరుకే గానీ విషయానికి వర్తించదు. ఆస్మోసిస్ ఎవరి సొత్తూ కాదు, తన మాటల్లో చెప్పిన వివరణ తనదే. దాన్ని పంపడానికి లెక్చరర్ అనుమతి అక్కర్లేదు, క్లాసులో ఎవరి తడబాటూ అందులో వినపడదు. 45 నిమిషాల ఒడియా, ఇంగ్లీషు కలగలుపు బదులు ఆరు నిమిషాల తెలుగు. పంపినవాడు ఎక్కడ పొరపడ్డాడో చెబుతూ మంచం మీది స్నేహితుడు తిరిగి ఫోను చేస్తే, ఇద్దరికీ మరోసారి చదివినట్టే.